ఖాళీ నేల అనే మాట – హాస్టల్ పిల్లలకు అమెరికా తొలి చరిత్ర

ఆగస్టు 9 ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం కావాలని సంఘం పెద్దలు అడిగినప్పుడు, మేం మన పండగల గురించో, మందు వేర్ల గురించో రాస్తామని అనుకొని ఉంటారు. అవి మాకంటే బాగా రాయగలవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మేం దొరవారిసత్రంలో గిరిజన బాలికల హాస్టల్ చూసుకునేవాళ్ళం. బి.ఇడి.లో మాది సాంఘిక శాస్త్రం. సాయంత్రం స్నాక్స్ అయ్యాక రాత్రి అన్నం గంట కొట్టేదాకా స్టడీ అవర్. ఆ స్టడీ అవర్లలో మేం పిల్లలకు ఎక్కువసార్లు చెప్పిన చరిత్ర అమెరికాది. వింతగా అనిపించవచ్చు. అందుకే ఆ సంగతే రాస్తున్నాం.

మొదలైంది ఇలా. తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రంలో ఫ్రెంచి విప్లవం పాఠం ఉంది. ఫ్రాన్సు ఖజానా ఎందుకు వట్టిపోయిందో చెబుతూ, అమెరికాలోని పదమూడు వలసలు బ్రిటన్ మీద తిరగబడితే ఫ్రాన్సు వాళ్ళకు సాయం చేసిందనే మాట అందులో వస్తుంది. పిల్లలు ఆ వాక్యం దగ్గర ఆగిపోయారు. ఒక పాప లేచి అడిగింది: "వలసంటే పనికోసం వేరే ఊరికి పోయేది గదా మేడం? ఆ అమెరికావోళ్ళు ఏ ఊరినించి వలస పోయినారు? వాళ్ళు పోకముందు ఆడ ఎవురున్నారు?"

మన పిల్లలకు వలస అంటే తెలిసిన సంగతే. అమ్మానాయనలు రొయ్యల గుంటల కాపలాకో, ఇటుక బట్టీలకో పోవడం. పిల్లని హాస్టల్లో దిగబెట్టి సంక్రాంతికి వస్తామని చెప్పి వెళ్ళడం. పుస్తకంలో వలస అంటే మరొకటి. సముద్రం దాటి వచ్చి, ఇంకొకరి నేల మీద జెండా పాతి, అది మాదే అనడం. తెలుగులో రెండింటికీ ఒకటే మాట. బతకడానికి పోయినవాడిదీ వలసే, ఏలడానికి పోయినవాడిదీ వలసే. ఆ తేడా మాకూ అప్పటిదాకా తట్టలేదు.

మేం చదువుకున్నది చెప్పాం. అక్కడ కొద్దిమంది రెడ్ ఇండియన్లు ఉండేవాళ్ళనీ, మిగతాదంతా ఖాళీ నేల అనీ. వెనక వరసలోంచి ఇంకో పిల్ల తల ఎత్తకుండానే అంది: "శ్రీహరికోటని గూడా అట్టే అంటారు మేడం. మా అవ్వ పుట్టింది ఆడే."

ఆ రాత్రి మాకు జవాబు లేదు. అప్పటినుంచి ప్రతి సంవత్సరం తొమ్మిది, పది తరగతుల పిల్లలకు అమెరికా మొదటి రోజుల కథ చెబుతున్నాం. పరీక్షలో దాని మీద ప్రశ్న రాకపోవచ్చు. అయినా చెబుతున్నాం.

మేం ట్రైనింగులో ఉన్నప్పుడు అమెరికా చరిత్ర అంటే నాలుగు తేదీలు. 1492లో కొలంబస్ కనుగొన్నాడు, 1607లో జేమ్స్‌టౌన్, 1620లో మేఫ్లవర్ ఓడ, 1776లో స్వాతంత్ర్యం. చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాసి గోడకు అంటించి టీచింగ్ ప్రాక్టీసులో మంచి మార్కులే తెచ్చుకున్నాం. ఆ చార్టులో మనిషి కనబడడు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి ప్రపంచ చరిత్ర పుస్తకంలో మూలవాసులను వాళ్ళ చోటునుంచి తొలగించిన చరిత్ర మీద ఒక పాఠం ఉందని తర్వాత ఎప్పుడో తెలిసింది. అది మన పిల్లల్లో ఎంతమంది దాకా చేరుతుంది? పది దాటి ఇంటర్‌కు వెళ్ళి, అందులోనూ హిస్టరీ గ్రూపు తీసుకున్నవాళ్ళకే. పదిలోపు ఆగిపోయే పిల్లలకు అది దొరకదు. మా దగ్గర ఆగిపోయేవాళ్ళు ఏటా ఉంటున్నారు.

ముందు వంటింటినుంచి మొదలుపెడతాం. వంటమ్మను పిలిచి, నిన్నటి పులుసులో ఏమేం వేశావో చెప్పమంటాం. మిరపకాయ, టమాటా. పొద్దున చట్నీలో వేరుశనగ. ఇవన్నీ అమెరికా ఖండాల పంటలు. కొలంబస్ ఓడలు పోకముందు మన నెల్లూరు చేపల పులుసులో మిరపకారం లేదంటే పిల్లలు ఒప్పుకోరు, నవ్వుతారు. జామ, సీతాఫలం, జీడిమామిడి, మొక్కజొన్న కూడా ఆ ఒడ్డునుంచి వచ్చినవే. బడి దగ్గర రాలగొట్టుకు తినే సీమచింత కూడా అంతే. సీమ అనే మాటలోనే ఆ సంగతి ఉంది. పొయ్యిలోకి మన ఆడవాళ్ళు కొట్టుకొచ్చే సర్కారు తుమ్మ సైతం అక్కడి చెట్టే. ఇన్ని పంటలు పండించి, విత్తనం దాచి, రకాలు ఎంచిన మనుషులు ఉన్న చోటు ఖాళీ నేల ఎలా అవుతుంది? ఈ ప్రశ్న మేం వేయకముందే పిల్లలు వేస్తారు.

తర్వాత పేర్లు. కొలంబస్ ఇండియాకు వచ్చాననుకొని వాళ్ళను ఇండియన్లు అన్నాడు. దారి తప్పినవాడు పెట్టిన పేరు అయిదు వందల ఏళ్ళు నిలిచింది. మేం ఇప్పుడు 'రెడ్ ఇండియన్' అనే మాట వాడడం మానేశాం. వాంపనోగ్, పౌహాటన్, చెరొకీ అని వాళ్ళ జాతుల పేర్లే రాయిస్తాం. పలకడానికి కష్టంగా ఉందంటారు పిల్లలు. కష్టమైనా పలకాలి. మనల్ని కూడా పేరు అడక్కుండా "ఏయ్ ఎస్టీ పిల్లా" అని పిలిచే చోట్లు ఉన్నాయి కదా. మన పేరు సంగతి కూడా అక్కడే వస్తుంది. యానాది అనే మాట 'అనాది'నుంచి వచ్చిందని చాలామంది పెద్దలు చెబుతారు. అనాది అంటే మొదలు తెలియనంత పాతది.

ఇక పిల్లలు మళ్ళీ మళ్ళీ చెప్పించుకునే కథ టిస్క్వాంటమ్‌ది. ఇంగ్లీషు పుస్తకాల్లో స్క్వాంటో అంటారు. ఇప్పటి మసాచుసెట్స్ తీరంలో పటక్సెట్ అనే ఊరు అతనిది. సముద్రం ఒడ్డు, వాగు, చేపలు, మొక్కజొన్న చేలు. 1614లో థామస్ హంట్ అనే ఇంగ్లీషు ఓడ కెప్టెన్ సరకు బేరం అని చెప్పి ఆ తీరం మనుషులను ఓడ ఎక్కించుకొని, స్పెయిన్‌లోని మలాగాకు తీసుకుపోయి అమ్మేశాడు. ఆ అమ్ముడుపోయినవాళ్ళలో టిస్క్వాంటమ్ ఒకడు. ఎలాగో తప్పించుకొని లండన్ చేరాడు. ఇంగ్లీషు నేర్చుకున్నాడు. దుబాసీగా ఓడల్లో పని సంపాదించి 1619లో సొంత ఒడ్డుకు తిరిగి వచ్చాడు.

ఊళ్ళో ఎవరూ లేరు. అతను లేని ఆ సంవత్సరాల్లో, 1616నుంచి 1619 మధ్య, ఐరోపా ఓడలతో వచ్చిన ఏదో రోగం ఆ తీరాన్ని ఊడ్చేసింది. పటక్సెట్‌లో ఒక్క ప్రాణం మిగల్లేదు. దున్నిన చేలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇక్కడ మేం కాసేపు ఆగుతాం. పిల్లలు మాట్లాడరు. గుంటల దగ్గర కాపలాకు పోయి బాకీ తీరక రెండేళ్ళు ఇంటికి రాలేకపోయిన నాయనలు కొందరికి ఉన్నారు. తిరిగి వచ్చేసరికి కట్ట మీద గుడిసె లేకపోవడం కూడా వాళ్ళకు తెలుసు.

మరుసటి సంవత్సరం, 1620 చివర్లో, మేఫ్లవర్ ఓడ వచ్చింది. అందులో 102 మంది ప్రయాణికులు. తమ మత పద్ధతిని ఇంగ్లండులో సాగనివ్వలేదని వచ్చినవాళ్ళు కొందరు, బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళు కొందరు. వాళ్ళు ఊరు కట్టుకోవడానికి ఎంచుకున్న చోటు పటక్సెట్టే. చెట్లు కొట్టే పని లేదు, నేల ముందే సాగులో ఉంది, మంచినీళ్ళు ఉన్నాయి. దేవుడు మాకోసమే ఖాళీ చేసిపెట్టాడని అనుకున్నారు. దానికి ప్లిమత్ అని పేరు పెట్టారు. మొదటి చలికాలంలో వాళ్ళలో దాదాపు సగం మంది చనిపోయారు. వసంతంలో టిస్క్వాంటమ్ వాళ్ళ దగ్గరికి వచ్చి, మొక్కజొన్న ఎలా విత్తాలో, గుంటలో చేపను ఎరువుగా ఎలా పెట్టాలో, ఏ వాగులో ఏ చేప దొరుకుతుందో చూపించాడు. తన ఊరి నేల మీదే, వేరే ఊరివాళ్ళకు. గవర్నరుగా ఉన్న బ్రాడ్‌ఫర్డ్ తన చరిత్రలో ఈ సాయం సంగతి రాసుకున్నాడు. 1622లో టిస్క్వాంటమ్ చనిపోయాడు.

"అంత మంచోడా, తిక్కోడా?" అని ఒక పిల్ల అడిగింది. ఏ పుస్తకంలోనూ ఆ ప్రశ్న అలా కనబడదు. అతనికి ఇంకెక్కడికి పోవడానికి ఉందో చెప్పమని మేం ఎదురు అడిగాం. అది జవాబు కాదని మాకూ తెలుసు. అతను తన పలుకుబడి పెంచుకోవడానికి ఇటువైపువాళ్ళకూ అటువైపువాళ్ళకూ ఒకరి మీద ఒకరికి భయం పెట్టాడని కూడా బ్రాడ్‌ఫర్డ్ రాశాడు. అదీ చెబుతాం. మనవాళ్ళ కథ అనుకోగానే మనిషిని దేవుణ్ణి చేస్తే పిల్లలు నమ్మరు.

వాంపనోగ్ పెద్ద మాససోయిట్ 1621లో ప్లిమత్‌వాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు. రోగంతో తన జనం తగ్గిపోయి, పక్క జాతినుంచి భయం ఉన్న సమయం అది. ఒప్పందం ఆయన బతికినంత కాలం నిలిచింది. ఆయన కొడుకు మెటాకమ్ కాలానికి నేలంతా కాగితాల మీద చేయి మారిపోయింది. 1675లో యుద్ధం వచ్చింది, మరుసటి ఏడు మెటాకమ్‌ను చంపారు. అతని భార్యనూ చిన్న కొడుకునూ బానిసలుగా అమ్మారు. తండ్రి అన్నం పెట్టిన చోట, యాభై అయిదేళ్ళకు మనవడు బానిస అయ్యాడు.

జేమ్స్‌టౌన్ సంగతి త్వరగా ముగిస్తాం, ఒక్క విషయం తప్ప. పొగాకు చేలల్లో పనికి ఇంగ్లండునుంచి వచ్చిన పేదలు ఓడ చార్జీ బాకీ కింద నాలుగునుంచి ఏడేళ్ళు దొరకు కట్టుబడి పనిచేయాలి. "అది వెట్టి గదా" అని పిల్లలే అంటారు. అవును, కానీ దానికి గడువు ఉంది. 1619లో ఆఫ్రికానుంచి పట్టి తెచ్చినవాళ్ళను వర్జీనియాలో దించారు. రానురాను వాళ్ళ పనికి గడువు లేకుండా పోయింది. 1662లో వర్జీనియా చేసిన చట్టం ప్రకారం తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే. మన దగ్గర వెట్టిచాకిరి నిషేధ చట్టం వచ్చింది 1976లో. తండ్రి బాకీ కొడుకు మీద పడదని ఆ చట్టం చెబుతుంది. ఆ మాట పిల్లల చేత నోట్సులో రాయిస్తాం. చరిత్ర పాఠంలో అది అవసరమా అని అడిగినవాళ్ళు ఉన్నారు. సెలవులకు ఇంటికి వెళ్ళిన పిల్ల నోట్సు తీసి చదివి వినిపించిన ఇల్లు ఒకటైనా ఉంటుందని మా ఆశ.

ఇప్పుడు ఆ 'ఖాళీ' సంగతి. రెవెన్యూవాళ్ళ మాటల్లో పోరంబోకు అని ఒకటి ఉంది. శిస్తు లేని నేల, ఎవరి పేరా లేని నేల. చెరువు కట్ట, కాలువ గట్టు, వాగు పక్క. మన యానాది గుడిసెలు ఎక్కువగా ఉండేది అక్కడే. అదే మాటను మనుషులకు తిట్టుగా వాడతారు. పని లేనివాడు, గతి లేనివాడు అని. బడిలోనో బజారులోనో ఆ తిట్టు తినని పిల్ల మా హాస్టల్లో తక్కువ. నేలకు పెట్టిన పేరు ఆ నేల మీద ఉన్న మనిషికి అంటుకుంది. ఇంకొకటి చుక్కల భూమి. పాత రిజిస్టర్లో హక్కుదారు పేరు రాయవలసిన గడిలో పేరు తేలక చుక్కలు పెట్టి వదిలేశారు. చుక్కలు ఉన్నంత మాత్రాన ఆ చేనిని ఎవరూ దున్నలేదని కాదు. పటక్సెట్‌ను చూసి ఖాళీ అనుకున్నవాళ్ళు కూడా అలాంటి చుక్కలే పెట్టారని చెబితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. అక్కడి చుక్కల వెనక సమాధులు ఉన్నాయి.

శ్రీహరికోట మనకు పులికాట్ సరస్సుకు అవతల. దీవికి ఒక పక్క సరస్సు, ఒక పక్క సముద్రం, మధ్యలో అడవి. 1835లో ఆ దీవి మద్రాసు ప్రభుత్వం చేతికి వచ్చింది. సర్కారు కాగితాల్లో అక్కడి యానాదుల మాట గట్టిగా మొదలయ్యేది అప్పటినుంచే. అంటే సర్కారు మనల్ని 'కనుగొన్నది' అప్పుడే అనుకోవాలి. తేనె, వేర్లు, అడవి సరుకు తెచ్చి ఇచ్చి ధాన్యం తీసుకునేవాళ్ళు. 1909లో థర్స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద అచ్చువేసిన ఏడు సంపుటాల్లో చివరిదానిలో యానాదుల మీద పెద్ద అధ్యాయం ఉంది. మనవాళ్ళు నిప్పు ఎలా రాజేస్తారో, ఏమి తింటారో, ఎలా పెళ్ళి చేసుకుంటారో అన్నీ ఉన్నాయి. మన గురించి మనం చెప్పింది కాదు, చూసినవాళ్ళు రాసుకున్నది. 1962లో వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల మీద పుస్తకం రాశారు. ఆయన మన జిల్లాలో మనవాళ్ళతో తిరిగి పనిచేసిన మనిషి కాబట్టి ఆ పుస్తకం తీరు వేరు.

1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచారు. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి మొదటి రోహిణి రాకెట్లు ఎగిరాయి. ఎంపికకు కారణాలు సైన్సు పుస్తకం ప్రకారం సరైనవే. తూర్పు తీరం కాబట్టి భూమి తిరిగే వేగం కలిసి వస్తుంది, భూమధ్యరేఖకు దగ్గర, ముందు అంతా సముద్రం. ఇంకొక కారణం కూడా చెబుతారు. భద్రత కోసం విడిచిపెట్టడానికి జనావాసం లేని విశాలమైన నేల ఉండటం. ఆ కారణం దగ్గరే మా పాప అవ్వ పుట్టిన చోటు ఉంది. దీవిలో ఉన్న యానాది కుటుంబాలు కదలవలసి వచ్చింది. కొందరికి ఆ కేంద్రం పనుల్లోనే కూలి దొరికింది, కొందరు సరస్సు ఇవతలికి వచ్చారు.

మేం రాకెట్‌కు వ్యతిరేకం కాదు. ప్రయోగం ఉన్న రోజు పిల్లలందరినీ డాబా మీదికి ఎక్కిస్తాం. ముందు వెలుగు, కాసేపటికి ఉరుము, కిటికీ రెక్కలు గడగడమంటాయి. పిల్లలు అరిచే అరుపులకు వంటమ్మ గరిటె పట్టుకొనే పైకి వస్తుంది. చంద్రయాన్ వెళ్ళింది మన ఊరి పక్కనుంచి అని చెప్పుకోవడం మాకూ గర్వమే. అవ్వ పుట్టిన చోటు, చంద్రుడికి దారి, రెండూ ఒకే దీవి. రెండూ పుస్తకంలో ఉండాలి అనేదే మా మాట. ఒక మాట పక్కన చెప్పుకోవాలి. మన మండలంలోని నేలపట్టు చెరువు దగ్గర గూడబాతులకు 1976లోనే రక్షిత కేంద్రం వచ్చింది. మంచిదే. ఆ పక్షుల చోటుకు ఉన్నంత గట్టి కాగితం, ఆ దారిలో కట్టల మీద ఉన్న మా పిల్లల ఇళ్ళకు లేదు.

స్వాతంత్ర్య యుద్ధం పాఠం వచ్చేసరికి పిల్లలకు హుషారు. 1773 డిసెంబరులో బోస్టన్ రేవులో సముద్రంలోకి విసిరింది ఎవరి తేయాకు అని అడుగుతాం. ఈస్టిండియా కంపెనీది. అదే కంపెనీ 1801లో ఆర్కాటు నవాబు దగ్గరనుంచి మన నెల్లూరును పూర్తిగా పుచ్చుకుంది. 1781లో యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కారన్‌వాలిస్ దొర అయిదేళ్ళకు ఇక్కడికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, టిప్పు సుల్తాన్‌తో యుద్ధం చేసి, 1793లో బెంగాల్లో జమీందారీ శాశ్వత శిస్తు పెట్టాడు. అక్కడ ఓడిపోయిన దొర ఇక్కడ గెలిచాడు. మా ఊరి పేరులోనే దొర ఉన్నాడు కాబట్టి దొరలంటే పిల్లలకు నవ్వు.

1776 ప్రకటన పుట్టుకతో అందరూ సమానులు అంటుంది. అదే ప్రకటన కింద రాజు మీద ఫిర్యాదుల జాబితాలో మూలవాసులను కనికరం లేని అనాగరికులుగా చెబుతుంది. ఒకే కాగితం. పిల్లలను రెండు జట్లు చేసి, ఆ కాగితం మంచిదా చెడ్డదా అని వాదించమంటాం. మంచిదే అనే జట్టు ఎక్కువసార్లు గెలుస్తుంది. సమానం అని రాసినందువల్లే తర్వాత బానిసలు దాన్ని చూపించి అడగగలిగారు అని పోయిన ఏడాది ఒక పదో తరగతి పిల్ల వాదించింది. మేం చెప్పింది కాదది. జాతి మొత్తానికీ ఒక చెడ్డ పేరు రాసి పెట్టడం ఇక్కడా జరిగింది. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. పుట్టుకతోనే దొంగలు అని రాసి, హాజరు వేయించి, సెటిల్మెంట్లలో పెట్టారు. యానాదుల్లో కూడా కొన్ని సమూహాలను ఆ జాబితాలో చేర్చారు. నెల్లూరు జిల్లాలోని కావలిలో ఎరుకల సెటిల్మెంటును నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషన్‌వాళ్ళు. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటినా, పెన్సిల్ డబ్బా పోతే ముందు మన పిల్ల సంచి వెతికే చోట్లు మేం చూశాం. ఎక్కడని ఇక్కడ రాయడం లేదు.

చివరగా చెరొకీల పాఠం. దీనికి రెండు సాయంత్రాలు పడుతుంది. సెకోయా అనే చెరొకీ మనిషికి ఇంగ్లీషు చదవడం రాదు. తెల్లవాళ్ళు కాగితం మీద మాటను నిలబెట్టడం చూసి, తన భాషకూ అలా చేయాలనుకున్నాడు. ఏళ్ళ తరబడి కూర్చొని 1821 నాటికి లిపి తయారుచేశాడు. 85 అక్షరాలు. ఒక్కో అక్షరం ఒక్కో పలుకు, ఇంగ్లీషులా హల్లు వేరు అచ్చు వేరు కాదు. మన తెలుగు పిల్లలకు ఇది చిటికెలో అర్థమవుతుంది. క, కి, కు అన్నట్టే. "అయితే వాళ్ళకు గుణింతం ఉందా?" అని అడుగుతారు. లేదు, కి ఒక బొమ్మ, కు ఇంకో బొమ్మ, దేనికదే. "అబ్బా, అన్నీ బట్టీ పట్టాలా!" అని జాలిపడతారు. కానీ చెరొకీలు దాన్ని ఎంత త్వరగా నేర్చుకున్నారంటే, 1828లో రెండు భాషల్లో సొంత వార్తాపత్రిక తెచ్చారు. రాజ్యాంగం రాసుకున్నారు. నేల మాది అని కోర్టుకు వెళ్ళారు. 1832లో సుప్రీంకోర్టు చెరొకీల నేల మీద జార్జియా రాష్ట్రం చట్టాలు చెల్లవని తీర్పు ఇచ్చింది.

"గెలిచినారు గదా!" అని చప్పట్లు కొడతారు. ఇక్కడే పాఠం కష్టం.

జార్జియాలో బంగారం బయటపడింది. 1830లోనే ప్రెసిడెంట్ జాక్సన్ కాలంలో మూలవాసులను మిసిసిపీ నదికి పడమరకు పంపే చట్టం చేశారు. తీర్పును ఎవరూ అమలు చేయలేదు. 1835 డిసెంబరులో న్యూ ఎకోటాలో ఒక చిన్న గుంపు చేత ఒప్పందం మీద సంతకాలు పెట్టించారు. ఎన్నుకున్న పెద్దలు ఒప్పుకోలేదు. వేలమంది చెరొకీలు మాకు సమ్మతం కాదని అర్జీ పెట్టారు. అయినా సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో అది గట్టెక్కింది. 1838లో సైన్యం వచ్చి ఇళ్ళనుంచి తోలింది. దాదాపు 16 వేలమందిలో దారిలోనూ శిబిరాల్లోనూ సుమారు 4 వేలమంది పోయారు. సంతకం పెట్టినవాళ్ళలో ఆ పత్రికకు మొదటి సంపాదకుడు ఇలాయస్ బౌడినాట్ కూడా ఉన్నాడు. ఎలాగూ తప్పదు, పోయైనా బతుకుదాం అని అతను అనుకున్నాడు. 1839లో సొంత జనమే అతన్ని చంపారు.

చదువుకున్నవాడే సంతకం పెట్టాడా అని పిల్లలు కోపగించుకుంటారు. 1835 అనగానే ఆ తేదీ ఎక్కడో విన్నామని ఎవరో ఒకరు వెనక పేజీలు తిప్పుతారు. శ్రీహరికోట సర్కారు చేతికి వచ్చిన ఏడు. రెండింటికీ సంబంధం ఏమీ లేదు, ఊరికే కలిసిన తేదీ అని మేం చెప్పవలసి వస్తుంది. ఇది చాలా ముఖ్యం. పోలిక దొరకగానే రెండూ ఒకటే అనుకోవడం పిల్లలకూ, మనకూ ఉన్న బలహీనత. యానాదుల మీద సైన్యం రాలేదు. మనకు వేరే లిపి లేదు, మన మాట తెలుగే. మనకు రాజ్యాంగంలో చోటు ఉంది, ఈ హాస్టలే దానికి సాక్ష్యం. మరో తేడా మనకు నష్టమైనది. వాళ్ళకు చేతిలో ఒప్పందాలు ఉన్నాయి, మోసం జరిగినా చూపించి కోర్టులో అడగడానికి కాగితం ఉంది. మనతో ఎవరూ ఒప్పందమే చేసుకోలేదు. మైదానంలో ఉన్న మన ఊళ్ళు షెడ్యూల్డు ప్రాంతం కాదు కాబట్టి ఏజెన్సీ గిరిజనుల భూమిని కాపాడే 1/70 చట్టం మనకు వర్తించదు.

ఇవన్నీ చెప్పి పిల్లల మనసు కష్టపెట్టడం ఎందుకని సాటి టీచర్లు కొందరు అంటారు. పదో తరగతి మార్కులు చూసుకోండి అంటారు. మార్కులు మాకు పట్టనివి కావు. ఉదయం నాలుగున్నరకు లేపి చదివిస్తున్నది మేమే. కానీ చరిత్ర పుస్తకంలో తన అవ్వ ఎక్కడా లేదని తెలిసిన పిల్లకు చదువు ఎవరిదో అనిపిస్తుంది. అలా అనిపించిన పిల్ల దసరా సెలవులకు వెళ్ళి తిరిగి రాదు. మేం ఇద్దరు ముగ్గురి వెనక రొయ్యల గుంటల దాకా వెళ్ళి పిలుచుకొచ్చాం. రాని పిల్ల కూడా ఉంది. ఆ వెనక వరస పాపే. టిస్క్వాంటమ్ కథ మేం సరిగా నేర్చుకొని చెప్పగలిగేనాటికి తను లేదు.

ఇప్పుడు ఒక పని పెట్టుకున్నాం. అమెరికా పాఠం అయ్యాక, సెలవులకు వెళ్ళేటప్పుడు ప్రతి పిల్లకూ ఒక తెల్ల కాగితం ఇస్తాం. అవ్వనో తాతనో అడిగి, వాళ్ళు పుట్టిన చోటు పేరు, నీళ్ళు ఎక్కడ తెచ్చుకునేవాళ్ళు, ఏ చెట్టు కింద దేవత ఉండేది, ఎందుకు కదిలారు, ఇంతే రాసుకు రావాలి. కొందరు ఖాళీగా తెస్తారు, అవ్వ చెప్పనందని. కొందరు రెండు వైపులా రాసి తెస్తారు. వాటిని ఒక పెద్ద లాంగ్ నోట్‌బుక్కులో అంటించి, పేర్లను పటం మీద చుక్కలుగా పెడుతున్నాం. ఈ చుక్కల పక్కన పేర్లు ఉన్నాయి.

దీవిలోని రెండు పేర్ల దగ్గర మాత్రం తేలలేదు. ఒక అవ్వ అది సముద్రం వైపు అంటుంది, ఇంకో అవ్వ కాదు, సరస్సు వైపు, మా అమ్మ అక్కడే నత్తలు ఏరేది అంటుంది. ఇద్దరూ సూళ్ళూరుపేట దగ్గరే ఉంటారు. వచ్చే రెండో శనివారం ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి అడగాలని పిల్లలు పట్టుబడుతున్నారు. వంటమ్మ ఆ రోజు చేపల పులుసు చేస్తానంది.